వంకర ఎక్కడుంది?

అద్దం ముందు నిలబడి రెండు చేతులూ కిందికి వేలాడేసి, అరచేతులు ముందుకు తిప్పండి. భుజం నుంచి మోచేతి దాకా ఒక గీత, మోచేతి నుంచి మణికట్టు దాకా ఇంకో గీత ఊహించుకుంటే ఆ రెండూ ఒక వరసలో ఉండవు. ముంజెయ్యి ఒంటికి ఎడంగా, కాస్త బయటికి వాలి ఉంటుంది. మామూలుగా 5 నుంచి 15 డిగ్రీల దాకా. ఆడవాళ్లలో సగటున ఇంకొంచెం ఎక్కువ. నీళ్ల బకెట్టు పట్టుకుని నడిచేటప్పుడు అది కాలికి కొట్టుకోకుండా ఉండేది ఈ వాలు మూలంగానే అని చెప్పుకుంటారు. అందుకే వైద్యంలో దీనికి ‘మోత కోణం’ అనే అర్థం వచ్చే పేరు పడింది.

నిక్షేపంలాంటి చెయ్యే తిన్నగా లేదన్నమాట. కాలూ అంతే. తొడ ఎముక ముందుకు విల్లులా వంగి ఉంటుంది, పైకొస దగ్గర కాస్త మెలి తిరిగి ఉంటుంది. కాబట్టి వంకర ఎముకను సరిచేయడమంటే ఆ మనిషికి ఉండాల్సిన వంకరను ఆ మనిషికి తిరిగి ఇవ్వడం. ఎంత ఉండాలి, ఇప్పుడు ఎంత ఉంది, అది సరిగ్గా ఎక్కడ మొదలైంది? ఈ మూడూ తేలాక రంపం పట్టుకోవడం అంత పెద్ద పని కాదు. ‘కంప్యూటర్ ఆపరేషన్ చేసేస్తుందట’ అని వింటూ ఉంటాం. ఎముకల విషయంలో దాని అసలు పని చాలావరకు ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే, ఈ మూడు ప్రశ్నల దగ్గరే అయిపోతుంది.

ఏడేళ్ల పిల్లాడు జామచెట్టు మీంచి పడ్డాడనుకుందాం. చెయ్యి చాపి నేల మీద ఆనుకోబోయాడు. మోచేతికి కాస్త పైన దండ ఎముక పల్చబడి చదునుగా మారే చోటు ఒకటుంది. బడి పుస్తకాల్లో ఈ ఎముక పేరు భుజాస్థి. పిల్లల్లో మోచేతి దగ్గర విరిగేది ఎక్కువగా అక్కడే. ఎముక సరిగ్గా కూర్చోకుండా అతుక్కుంటే ముంజెయ్యి బయటికి వాలాల్సింది పోయి లోపలికి తిరుగుతుంది. అది నాటు కట్టు లోపల జరగొచ్చు, ఆసుపత్రిలో వేసిన పిండికట్టు లోపల ముక్క జారడం వల్లా జరగొచ్చు. చెయ్యి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. పిల్లాడు అన్నం కలుపుకుంటాడు, బంతి విసురుతాడు, నొప్పి ఉండదు. ‘పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుందిలే’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఇక్కడ ఆ మాట చెల్లదు. దండ ఎముక పొడుగులో దాదాపు 80 శాతం భుజం వైపు కొస నుంచి వస్తుంది. మోచేతి వైపు కొస వాటా 20 శాతమే. పెరుగుదల తక్కువున్న చోట సర్దుబాటూ తక్కువే. పదేళ్లు గడిచాక, సైన్యం ఎంపికలో వైద్య పరీక్ష దగ్గరో, పెళ్లిమాటలు మొదలైనప్పుడో ఆ చెయ్యి మళ్లీ చర్చకు వస్తుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. ఆర్థోపెడిక్స్ అన్న మాట పుట్టించిన ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ 1741 నాటి తన పుస్తకంలో వేయించిన బొమ్మ అచ్చంగా ఈ సామెతే: గుంజకు తాడుతో కట్టిన వంకర చెట్టు. ‘తిన్నని’, ‘బిడ్డ’ అనే రెండు గ్రీకు మాటలు కలిపి ఆయన ఆ పేరు కట్టాడు. బిడ్డ ఎముకను కట్టి మళ్లించవచ్చని ఆయన నమ్మకం. మానైపోయిన ఎముకను మళ్లించాలంటే కోయక తప్పదు.

కోత లెక్క చాలాకాలం కాగితం మీదే జరిగింది. ఎక్స్‌రే ఫిల్మును వెనక నుంచి వెలుగు పడే పెట్టె మీద పెట్టి, పైన ట్రేసింగ్ కాగితం పరిచి, ఎముక అంచుల్ని పెన్సిలుతో దిద్దుకునేవాళ్లు. ఆ కాగితపు ఎముకను కత్తెరతో కత్తిరించి, ఒక ముక్కను తిప్పి, జరిపి, కుదిరిందనిపించాక టేపు అంటించేవాళ్లు. దర్జీ గుడ్డ మీద సుద్దతో గీసుకోవడం లాంటిదే. తేలికపాటి వంకరలకు ఇది చక్కగా పనికొచ్చే పద్ధతి. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అందులోనూ ఒక చిక్కుంది. పుచ్చకాయ ముక్క ఆకారంలో ఎముకను కోసి తీసేసి, మిగిలిన రెండు ముఖాలనూ దగ్గరికి మూయడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. ఆ ముక్క వెడల్పు వైపు ఎంత మందం ఉండాలి? ఎముకల డాక్టర్ల నోట ఒక సులువు లెక్క నానుతూ వచ్చింది: డిగ్రీకి ఒక మిల్లీమీటరు. త్రికోణమితి తెలిసినవాళ్లు సరిచూడండి. ఎముక వెడల్పు 57 మిల్లీమీటర్లు ఉంటేనే ఈ లెక్క నిజం. మోకాలి కింద ఎముక 75 మిల్లీమీటర్లు ఉన్న మనిషికి 10 డిగ్రీలు తిప్పాలని 10 మిల్లీమీటర్ల ముక్క తీస్తే, తిరిగేది ఏడున్నర డిగ్రీలే. మోచేతి పైన ఎముక 40 మిల్లీమీటర్లు ఉన్న పిల్లాడికి అదే ముక్క తీస్తే 14 డిగ్రీలు తిరిగిపోతుంది. పైగా రంపం తన మందం మేర ఎముకను పొట్టు చేసుకుంటూ పోతుంది. ఈ సంగతి వడ్రంగికి ఎవరూ చెప్పక్కర్లేదు, చెక్క కొలిచేటప్పుడే కోత వదులుకుంటాడు. ఎముక దగ్గర ఆ కోతలో పోయే ఒక్క మిల్లీమీటరు దాదాపు ఒక డిగ్రీతో సమానం.

ఇంతా చేసి ఇది ఒక్క ఎక్స్‌రేలో కనిపించిన వంకర. ఎక్స్‌రే నీడ లాంటిది. ముందు నుంచి తీసిన దాంట్లో ఎముక 15 డిగ్రీలు లోపలికి వంగింది. పక్క నుంచి తీసిన దాంట్లో 20 డిగ్రీలు వెనక్కి వంగింది. అంటే ఆ ఎముకకు రెండు వంకరలున్నట్టా? లేదు, ఒక్కటే ఉంది. ముందుకూ పక్కకూ కాని ఏటవాలు దిశలో, రమారమి 24 డిగ్రీలు. ఏ ఎక్స్‌రేలోనూ పూర్తిగా పడకుండా రెండింటిలోనూ కొంత కొంత కనబడింది. ఎండ ఎటు నుంచి పడితే అటు కుర్చీ నీడ రూపం మారినట్టు.

ఇక మెలిక సంగతి. విరిగిన కింది ముక్క తన నిలువు అక్షం చుట్టూ కూడా తిరిగిపోయి ఉంటే, మామూలు ఎక్స్‌రే దాన్ని దాదాపు పట్టించుకోదు. మన జామచెట్టు పిల్లాడికి సాధారణంగా ఉండేవి ఈ మూడూ: లోపలికి వంగడం, వెనక్కి వాలడం, లోపలికి మెలి తిరగడం. ఒక్కొక్కటిగా సరిచేస్తే సరిపోదా అనుకుంటే ఒక అగ్గిపెట్టె తీసుకోండి. బొమ్మ పైకి ఉండేలా బల్ల మీద పడుకోబెట్టండి. మొదట దాన్ని మీకు అవతలి వైపుకు పావు వంతు దొర్లించండి. తర్వాత బల్ల మీదే గడియారం ముల్లు తిరిగే దిశలో పావు వంతు తిప్పండి. బొమ్మ మీ కుడిచేతి వైపు చూస్తుంది. ఇప్పుడు పెట్టెను మొదటికి తెచ్చి వరస మార్చండి: ముందు తిప్పి, తర్వాత దొర్లించండి. బొమ్మ మీకు అవతలి వైపు చూస్తుంది. అవే రెండు కదలికలు, వరస మారేసరికి ఫలితం మారిపోయింది. ఆపరేషన్ బల్ల దగ్గర, రక్తంలో, చర్మం తెరిచిన నాలుగంగుళాల కిటికీలోంచి చూస్తూ మూడు కోణాల్ని ఒకదాని తర్వాత ఒకటి కళ్లతో సరిచేయడం ఎందుకంత కష్టమో ఈ అగ్గిపెట్టె చెబుతుంది.

గణితం దగ్గర దీనికి అందమైన విరుగుడు ఉంది. ఒక గట్టి వస్తువు ఒకచోటు నుంచి ఇంకోచోటికి ఎన్ని మెలికలు తిరిగి వెళ్లినా సరే, ఆ మొత్తం ప్రయాణాన్ని ఒకే అక్షం చుట్టూ ఒక తిప్పుగా, ఆ అక్షం వెంట ఒక జరుపుగా చెప్పేయొచ్చు. బోల్టు బిగించినట్టు. ఇటలీలో మోజ్జీ 1763లో, ఫ్రాన్సులో షాల్ 1830లో ఈ సంగతి రాశారు. ఇద్దరికీ ఎముకలతో పని లేదు. పిల్లాడి మోచేతిలోని మూడు వంకరల గందరగోళం కూడా ఈ లెక్కకు లొంగుతుంది. ఎక్కడో ఒక ఏటవాలు గీత, దాని చుట్టూ ఇన్ని డిగ్రీలు, అంతే.

వంటింట్లో దీన్ని చూడొచ్చు. కీరదోసకాయను అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఒక్క కోత కోయండి. రెండు ముక్కల్నీ కోత దగ్గరే ఆనించి ఉంచి ఒకదాన్ని తిప్పండి. తిప్పేకొద్దీ తిన్నని కాయ మోచెయ్యిలా వంగుతుంది. కోత సరిగ్గా 45 డిగ్రీల్లో ఉంటే, సగం చుట్టు తిప్పేసరికి లంబకోణం అయి కూర్చుంటుంది. ముక్కేదీ తీయలేదు, సందేదీ రాలేదు. దీన్నే తిరగేయండి: వంగి మెలి తిరిగిన ఎముకను సరైన ఏటవాలులో ఒక్కసారి కోసి, కోత ముఖాల మీదే తిప్పితే వంకరా మెలికా రెండూ ఒక్కసారే పోతాయి. ఆ ఏటవాలు ఎంతో కళ్లతో చెప్పడం మానవమాత్రులకు కాదు. లెక్కతో చెప్పొచ్చు.

లెక్క కట్టడానికి ఎముక మొత్తం రూపం కావాలి, నీడ చాలదు. ఆ రూపాన్ని ఇచ్చింది సీటీ స్కాన్. బీటిల్స్ పాటల రికార్డులు అమ్మిన ఈఎంఐ కంపెనీలోనే గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి రోగి తలను స్కాన్ చేశారు. 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి ఆయనకు నోబెల్ వచ్చింది. స్కాన్ ఒంటిని పల్చని పొరలుగా, పొరను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడికీ ఒక అంకె ఇస్తుంది. నీటికి సున్నా. గాలికి మైనస్ 1000. గట్టి ఎముకకు వెయ్యికీ అంతకు పైకీ పోతుంది. ‘ఇంతకు మించిన గళ్లన్నీ ఎముక’ అని కంప్యూటరుకు చెబితే, కండ, కొవ్వు, చర్మం తెర మీంచి మాయమై అస్థిపంజరం మిగులుతుంది. వినడానికి సులువుగానే ఉంది. నిజానికి ఎముక పల్చబడిన చోట చిల్లులు పడతాయి. కీలు దగ్గర రెండు ఎముకలు అంటుకుపోయి ఒక్కటిగా కనబడతాయి. ఎవరో ఒకరు మౌసు పట్టుకుని కూర్చుని పొర పొరనూ చూసి విడదీయాలి. ఈ మధ్య ఆ పనిలో చాలా భాగం కృత్రిమ మేధ చేస్తోంది. చేశాక మనిషి మళ్లీ సరిచూడాల్సిందే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పిల్లాడి ఎడమ చెయ్యి వంకర. ఎంత వంకర ఉండాలి? జవాబు అతని కుడిచేతిలోనే ఉంది. కుడి దండ ఎముకను స్కాన్ చేసి, తెర మీద అద్దంలో చూసినట్టు తిరగేస్తే అది ఎడమ ఎముక అవుతుంది, చెట్టు మీంచి పడకపోయి ఉంటే ఎలా ఉండేదో అలా. ఆ ప్రతిబింబాన్ని తెచ్చి వంకర ఎముక మీద పెడతారు. విరిగిన చోటుకు పైనున్న భాగం ఎప్పుడూ చెడలేదు కాబట్టి ముందు ఆ రెండు పైభాగాల్ని కలుపుతారు. దగ్గర దగ్గర బిందువుల్ని జతచేసి, దూరం తగ్గేలా కాస్త జరిపి, మళ్లీ జతలు చూసుకుని, మళ్లీ జరిపి, ఇక తగ్గదు అనేదాకా కంప్యూటరు తిప్పుతూ పోతుంది. పైభాగాలు పొందికగా ఒదిగాక కిందికి చూస్తే రెండు మోచేతులు వేరు వేరు దారుల్లో ఉంటాయి. వాటి మధ్య ఎడమే ఆ పిల్లాడి వంకర. దాన్ని ఆరు అంకెల్లో రాయొచ్చు: మూడు తిప్పులు, మూడు జరుపులు. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ వైద్యులు చేతి ఎముకల్లో ఇలా లెక్కగట్టి చేసిన ఆపరేషన్ల వివరాల్ని 2008లో ప్రచురించారు. అప్పటి నుంచి ఈ దారిలో నడిచినవాళ్లు చాలామంది.

ఏ మనిషికీ కుడి ఎడమలు అచ్చుగుద్దినట్టు ఒకటి కావు, కొద్ది డిగ్రీల తేడా ఉంటుంది. అయినా పుస్తకంలో ఉన్న సగటు మనిషి చేతికంటే మన కుడిచెయ్యే మన ఎడమచేతికి దగ్గరి చుట్టం.

తర్వాత తెర మీద ఆపరేషన్. ఎముకను ఇక్కడ కోసి చూడు, కుదరలేదు, వెనక్కి తీసుకో, అంగుళం కిందికి జరిపి మళ్లీ కోయి. నాకు ఈ సాధనంలో అన్నిటికంటే విలువైనది ఈ వెనక్కి తీసుకోగలగడమే. పాత పద్ధతిలో పుచ్చకాయ ముక్క తీసి మూసినప్పుడు చెయ్యి కోణం బాగుపడినా, మోచేతి బయటి పక్కన ఎముక బొడిపెలా పొడుచుకురావడం తెలిసిన ఇబ్బందే. కట్టు విప్పాక ‘ఇదేంటి కొత్తగా’ అని తల్లి అడిగేది. తెర మీద ఆ బొడిపె ముందే కనబడుతుంది. కింది ముక్కను లోపలికి కొన్ని మిల్లీమీటర్లు జరిపితే అది మాయమవుతుందనీ కనబడుతుంది.

పథకం తెర మీద ఎంత బాగున్నా, ఆపరేషన్ బల్ల మీద ఎముకపై గీతలు గీసి ఉండవు కదా. అక్కడికి దాన్ని మోసుకెళ్లేది అరచేతిలో పట్టే ఒక నైలాన్ ముక్క. దీన్ని త్రీడీ ప్రింటర్ మీద తయారుచేస్తారు. దాని లోపలి ముఖం ఆ పిల్లాడి ఎముక మీది ఎగుడుదిగుళ్లకు అచ్చు. సరైన చోట పెడితే తాళంచెవిలా ఒదుగుతుంది, ఇంకెక్కడ పెట్టినా అటూ ఇటూ ఊగుతుంది. దాంట్లో రంపం దూరడానికి ఒక సందు, డ్రిల్లు దూరడానికి కొన్ని బెజ్జాలు ఉంటాయి. కోత వాలు ఆ సందులోనే ఉంది, డాక్టరు కోణమేదీ కొలవక్కర్లేదు.

బెజ్జాల వెనక ఇంకో తెలివి ఉంది. ఎముకను సరిచేశాక దాని మీద లోహపు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాలి. సరైన భంగిమలో ఆ స్క్రూలు ఎక్కడ ఉంటాయో కంప్యూటరు ముందే చూసుకుంటుంది. తర్వాత ఎముకను తెర మీద మళ్లీ వంకరగా మార్చి, ఆ స్క్రూల చోట్లు వంకర ఎముక మీద ఎక్కడికి వెళ్లాయో గుర్తుపెడుతుంది. కోయకముందే ఆ గుర్తుల్లో బెజ్జాలు వేసేస్తారు. వంకర ఎముక మీద అవి అస్తవ్యస్తంగా, వరస లేకుండా కనబడతాయి. కోసి, ప్లేటు పెట్టి, దాని రంధ్రాల్నీ ఎముక బెజ్జాల్నీ కలిపి స్క్రూలు బిగిస్తుంటే కింది ముక్క తనంతట తానే తిరిగి, వాలి, జరిగి తన చోటికి వస్తుంది. చొక్కా గుండీలు కాజాల్లో పెట్టుకుంటూ పోతే రెండు అంచులూ సరిపడినట్టు. మూడు కోణాల్ని సరిచూసే పనంతా గుండీలు చేసేశాయి.

గుండీ ఒకటి తప్పితే చొక్కా అంతా తప్పుతుందన్నదీ ఇక్కడ నిజమే. ఎముక మీది పొరను, కండను సరిగ్గా తొలగించకపోతే నైలాన్ ముక్క ఒదిగినట్టే ఉండి రెండు మిల్లీమీటర్లు పక్కకు కూర్చుంటుంది. మరీ గీకేస్తే ఎముకకు నెత్తురు అందించే పొర దెబ్బతింటుంది. తప్పుచోట కూర్చున్న అచ్చు తప్పుకోతను కూడా ఎంతో నిబ్బరంగా, కచ్చితంగా కోయిస్తుంది. అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు రంపం ఆడించే ముందు ఎక్స్‌రే తెర మీద ఇంకోసారి చూసుకుంటారు. ఒక వంపు మాత్రమే ఉన్న తేలిక కేసుకు ఈ హంగామా అంతా అవసరమా అంటే, కాదనే నా అభిప్రాయం. సీటీ స్కాన్ అంటే అదనపు రేడియేషన్, అచ్చు అంటే అదనపు ఖర్చు. త్రీడీ అన్న మాట బిల్లులో ఎక్కినంత తేలిగ్గా ఫలితంలో ఎక్కదు. వంకర మూడు దిక్కులా ఉన్నప్పుడే దీని సత్తా తెలుస్తుంది.

అద్దం పద్ధతికి ఒక షరతుంది: రెండోవైపు బాగుండాలి. రెండు కాళ్లూ వంకరైన మనిషికి ఏ కాలిని చూసి ఏ కాలిని దిద్దుతారు?

ఈ ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. బావి నీటిలో ఫ్లోరైడు ఎముకల్ని దెబ్బతీస్తోందని మన దేశంలో మొదట గుర్తించింది నెల్లూరు జిల్లా పల్లెల్లో. అప్పటికది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం, షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ఆ సంగతి ప్రచురించారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఇంకో రూపాన్ని వివరించారు: ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడం, దాంతోపాటు ఎముక పల్చబడటం. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో ఇలాంటి కాళ్ల ఫొటోలు చూడని తెలుగు పాఠకుడు ఉండడు. దొడ్డికాళ్లకు ఇది వ్యతిరేకం. మోకాళ్లు ఆనుకుంటాయి, మడమలు ఎడంగా పోతాయి. అదీ రెండు కాళ్లకూ.

అప్పుడు గీతలే దిక్కు. తుంటి కీలు నడిమధ్య నుంచి చీలమండ నడిమధ్యకు దారం లాగినట్టు ఊహించుకోండి. మంచి కాలిలో ఆ దారం మోకాలి మధ్య మీదుగా, వెంట్రుకవాసి లోపలి పక్కకు పోతుంది. ఒంటి బరువు దిగే దారి అదే. తొడ ఎముక 40 సెంటీమీటర్లు, కింది ఎముక 36 సెంటీమీటర్లు అనుకుంటే, మోకాలి దగ్గర 10 డిగ్రీల వంపు ఆ దారాన్ని మోకాలి మధ్య నుంచి మూడు సెంటీమీటర్లకు పైగా పక్కకు నెడుతుంది. మోకాలి సగం వెడల్పు దాదాపు అంతే. బరువంతా కీలు ఒక అంచు మీద పడి, అక్కడి మృదులాస్థి అరుగుతూ పోతుంది. పది డిగ్రీలంటే గడియారంలో నిమిషాల ముల్లు రెండు నిమిషాల్లో తిరిగినంత కూడా లేదు.

డ్రోర్ పేలీ అనే శస్త్రవైద్యుడు 2002లో ఈ గీతల శాస్త్రాన్నంతా ఒక లావుపాటి పుస్తకంగా కూర్చాడు. మోకాలి కీలు గీతకు తొడ ఎముక అక్షం, కింది ఎముక అక్షం చేసే కోణాలు రెండూ 87 డిగ్రీలకు అటూ ఇటూగా, 85 నుంచి 90 లోపు ఉంటాయి. ఈ హద్దు దాటింది తొడ ఎముకా, కింది ఎముకా అని చూస్తే దోషి ఎవరో తేలుతుంది. చాలాసార్లు కంటికి కింది ఎముక వంగినట్టుంటుంది, లెక్కకు తొడ ఎముక దొరుకుతుంది. తర్వాత ఆ ఎముక పై భాగానికి ఒక అక్షం, కింది భాగానికి ఒక అక్షం గీస్తారు. అవి రెండూ కలిసిన బిందువే వంకర ఉన్న చోటు. ఒక్కోసారి ఆ బిందువు వంపు కనబడే చోటుకు దూరంగా, ఎముకకే బయట గాలిలో కూడా పడుతుంది. అంటే ఎముకలో రెండో వంపు ఎక్కడో దాక్కుందనో, ముక్క పక్కకు జరిగి అతుక్కుందనో అర్థం. తలుపుకు మడతబందు ఎక్కడ బిగిస్తే తలుపు అక్కడి నుంచే తిరుగుతుంది. ఎముకనూ ఆ బిందువు దగ్గర తిప్పితే దారం మోకాలి మధ్యకు వస్తుంది, ఇంకోచోట తిప్పితే కోణం కుదిరినా ఎముక మెట్టులా పక్కకు జరుగుతుంది.

ఇక్కడ సీటీ స్కాన్‌కు ఒక లోటుంది. అది పడుకున్న మనిషిని తీస్తుంది. బరువు మోయని కాలు ఒక రకం, నిలబడిన కాలు ఇంకో రకం. అందుకే తుంటి నుంచి పాదం దాకా నిలబెట్టి తీసిన పొడవాటి ఎక్స్‌రే ఇప్పటికీ తప్పనిసరి. నోబెల్ గ్రహీత జార్జ్ షార్పాక్ కనిపెట్టిన కణ గ్రాహకాల ఆధారంగా, తక్కువ రేడియేషన్‌తో నిలబడిన మనిషిని రెండు దిక్కుల నుంచి ఒకేసారి తీసే యంత్రాలు కూడా వచ్చాయి.

లెక్క తేలింది, కోసి తిప్పేయొచ్చా? లోపలికి వంగిన మోకాలి బయటి పక్కన, కింది ఎముక పక్కనే ఉండే సన్నని ఎముక తల చుట్టూ తిరిగి ఒక నరం కిందికి దిగుతుంది. పాదాన్ని పైకెత్తే కండరాలకు ఆజ్ఞలు దాని గుండానే వెళతాయి. కాలు ఏళ్ల తరబడి వంగి ఉంటే ఆ నరమూ ఆ పొడవుకే అలవాటు పడి ఉంటుంది. పెద్ద వంపును ఒక్క పూటలో తిన్నగా లాగితే నరం సాగి దెబ్బతినొచ్చు. ఎక్స్‌రేలో కాలు అద్భుతంగా ఉంటుంది, మనిషి మాత్రం పాదం ఎత్తలేక చెప్పు జార్చుకుంటూ నడుస్తాడు. స్కాన్‌లోంచి ఎముకను విడదీసినప్పుడు కంప్యూటరు పారేసిన కండా నరమూ ఇలా లెక్క అడుగుతాయి.

నిదానంగా లాగాలి. ఆ నిదానాన్ని కనిపెట్టింది సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతపు పల్లెల్లో పనిచేసిన గావ్రియిల్ ఇలిజారోవ్. 1950ల మొదట్లో ఆయన కాలి చుట్టూ లోహపు రింగులు పెట్టి, ఎముకలోంచి అడ్డంగా సన్నని తీగలు దూర్చి రింగులకు బిగించి లాగే చట్రం చేశాడు. ఎముకను కోసి, రెండు ముక్కల్నీ రోజుకు ఒక మిల్లీమీటరు, అదీ పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు దఫాలుగా ఎడం చేస్తూ పోతే మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. నరాలు, కండలు, రక్తనాళాలు దాంతోపాటే పెరుగుతాయి. నెమ్మదిస్తే సందు ముందే పూడిపోతుంది, తొందరపడితే సందులో ఎముక పుట్టదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ స్వర్ణం గెలిచిన వలేరీ బ్రూమెల్ మరుసటి ఏడాదే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకున్నాడు. ఎన్నో ఆపరేషన్లు విఫలమయ్యాక 1968లో ఇలిజారోవ్ దగ్గరికి చేరి, మళ్లీ రెండు మీటర్లకు పైగా దూకాడు. పశ్చిమ ఐరోపాకు ఈ విద్య 1980ల మొదట్లో, ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి కాలి ద్వారా చేరింది.

ఇలిజారోవ్ చట్రంతో వంపు, మెలిక, జరుపు మూడూ సరిచేయాలంటే ఒక్కోదానికి ఒక్కో అమరిక మార్చాలి. అగ్గిపెట్టె కష్టాలే మళ్లీ. అమెరికాలోని మెంఫిస్‌లో డాక్టరు చార్లెస్ టేలర్, ఇంజనీరైన సోదరుడు హెరాల్డ్ టేలర్ కలిసి 1990ల్లో దీన్ని మార్చేశారు. రెండు రింగుల మధ్య ఏటవాలుగా, ముందుకూ వెనక్కూ సాగే ఆరు కడ్డీలు. ఈ అమరిక వాళ్లకంటే పాతది. 1950ల్లో ఎరిక్ గాఫ్ అనే ఇంజనీరు టైర్లను పరీక్షించడానికి వాడాడు. పైలట్లకు నేల మీదే విమానపు కుదుపులు చూపించే శిక్షణ గది కాళ్లూ ఇవే. ఆరు కడ్డీల పొడవులు మారిస్తే పై రింగుకు కింది రింగు ఏ భంగిమలోకైనా వస్తుంది. వంకరకు ఆరు అంకెలు, చట్రానికి ఆరు కడ్డీలు. మధ్యలో లెక్క కట్టేందుకు కంప్యూటరు.

డాక్టరు వంకర కొలతలిస్తాడు, రింగు ఎముక మీద ఎక్కడ ఎంత వాలుగా కూర్చుందో ఇస్తాడు. ఈ రెండో కొలతలో పొరపాటు జరిగితే ఎముక బుద్ధిగా తప్పుదారిలో నడుస్తుంది, మధ్యలో ఎక్స్‌రే తీసి కొత్త లెక్క వేయాలి. నరం రోజుకు ఎంత సాగదీత తట్టుకోగలదో కూడా చెప్పాలి, అది డాక్టరు తలలోంచే రావాలి. అప్పుడు కంప్యూటరు ఒక కాగితం ఇస్తుంది. రోజుకో వరస, వరసకు ఆరు అంకెలు, ఒక్కో కడ్డీకి ఒక్కో రంగు. ఆ కాగితంతో రోగి ఇంటికి వెళతాడు. అక్కడి నుంచి శస్త్రచికిత్స ఇంటివాళ్ల చేతిలో. పొద్దున టిఫిన్ అయ్యాక అక్కో నాన్నో కాగితం చూసి ఎర్ర కడ్డీ ఇంత, పసుపుపచ్చది ఇంత అని తిప్పి, ఆ గడిలో టిక్కు పెడతారు. తీగలు చర్మంలోకి దిగే చోట్లు రోజూ శుభ్రం చేయాలి, చీము పట్టడం ఈ చికిత్సలో అన్నిటికంటే మామూలు బాధ. రింగుల మీదుగా ఎక్కేలా వెడల్పు కాళ్ల పైజామా కుట్టించుకోవాలి.

నెలో నెలన్నరో గడిచి కాగితంలో చివరి వరస అయిపోయిన రోజుకు కాలు తిన్నగా ఉంటుంది. చట్రం మాత్రం తీయరు. సందులో పుట్టిన ఎముక అప్పటికింకా ఎక్స్‌రేలో పల్చని మబ్బులా ఉంటుంది. దిద్దడానికి పట్టిన కాలానికి సుమారు రెట్టింపు కాలం, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, ఆ మబ్బు చిక్కబడి నాలుగు వైపుల్లో కనీసం మూడు వైపులా గట్టి అంచు కట్టేదాకా రింగులతోనే నడవాలి. ఎంత ఎక్కువ నడిస్తే ఎముక అంత బాగా గట్టిపడుతుంది కాబట్టి డాక్టరు కూర్చోనివ్వడు. ఆ నెలల్లో కడ్డీలు తిప్పే పని లేదు, కంప్యూటరుకు కట్టడానికి లెక్కా లేదు. నెలకో ఎక్స్‌రే తీసి, వెలుగుకు పెట్టి, మబ్బు ఎంత చిక్కబడిందో కళ్లతో చూడటమే.